పాత కారులో పళ్ళపట్టీ మార్చుట

ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలబడి వడ్లు దంచడము పల్లెలలో పెరిగిన పెద్దలకు తెలిసిన దృశ్యమే. ఒకరి రోకలి పైకి లేచిన క్షణములో రెండవవారి రోకలి క్రిందికి దిగుతుంది. రెండూ దిగేది ఒకే గుంటలోనికి. అయినా ఒకదాని కొకటి తగలవు. లయ ఒక్క పోటు తప్పినదా, రోకలి రోకలికి కొట్టుకొని చేతులు జిల్లుమంటాయి.

మోటారు కారు యంత్రములో జరిగేది కూడ ఇంచుమించు ఇదే. సిలిండరులో పైకీ క్రిందికీ ఆడే పిస్టనుకు మన పాఠ్యగ్రంథములు ముషలకమని పేరు పెట్టినవి; ముసలమనగా రోకలి. ఆ ముషలకము పైకి వచ్చే చోటికే, సిలిండరు కప్పులోనుండి కవాటములు క్రిందికి దిగి తెరచుకొంటాయి. ఒకటి వచ్చే వేళకు రెండవది తప్పుకొని ఉండవలెను. క్రాంకుషాఫ్టు నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగుతున్నప్పుడు కూడ ఈ ఏర్పాటును కాపాడేది, అనేక కార్లలో, బొటనవ్రేలంత వెడల్పు గల ఒక రబ్బరు పట్టీ. లోపలివైపున పళ్ళు గల ఈ పట్టీని మెకానిక్కులు టైమింగ్ బెల్టు అంటారు.

పాత కారును ఉంచుకొని చిన్న మరమ్మతులు ఇంటివద్దనే చేసికొనేవారికి ఎప్పుడో ఒకనాడు ఈ పట్టీని మార్చవలసిన అవసరము వస్తుంది. ఇందుకు పెద్ద బలము గాని, విలువైన పరికరములు గాని అక్కరలేదు. కాని పళ్ళ లెక్క తప్పితే కొన్ని యంత్రములలో కవాటములు వంగిపోయి, పట్టీ ఖరీదుకు అనేక రెట్లు ఖర్చు మీద పడుతుంది. కాబట్టి పానా పట్టేముందు ఆ లెక్క ఏమిటో తెలిసికొనవలెను.

రెండు చుట్లకు ఒక చుట్టు

నాలుగు ఘాతముల యంత్రమును గురించి ఉన్నత పాఠశాల విద్యార్థులు చదివియే ఉంటారు. మొదటి ఘాతములో ముషలకము క్రిందికి దిగుతూ, తెరచియున్న ప్రవేశ కవాటము గుండా పెట్రోలు కలిసిన గాలిని పీల్చుకొంటుంది. రెండవ ఘాతములో రెండు కవాటములు మూసికొనియుండగా పైకి వచ్చి ఆ మిశ్రమమును నొక్కుతుంది. విద్యుత్ రవ్వతో మిశ్రమము మండి ముషలకమును క్రిందికి నెట్టడము మూడవ ఘాతము. కాలిన వాయువులను నిర్గమ కవాటము గుండా బయటికి గెంటడము నాలుగవది. నాలుగు ఘాతములకు క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. ఆ వ్యవధిలో ప్రతి కవాటము ఒక్కసారి మాత్రమే తెరచుకొనవలెను. కావున కవాటములను నొక్కే క్యాంషాఫ్టు సరిగా సగము వేగముతో తిరగవలెను. అందుకొరకు క్రాంకుషాఫ్టు చక్రమునకు ఎన్ని పళ్ళున్నవో, క్యాంషాఫ్టు చక్రమునకు అంతకు రెట్టింపు పళ్ళు పెడతారు.

నిమిషమునకు మూడువేల చుట్లనగా సెకనుకు 50 చుట్లు. ప్రతి కవాటము సెకనుకు 25 సార్లు తెరచుకొని మూసికొంటుంది. కవాటము సుమారు 240 డిగ్రీల క్రాంకు భ్రమణముసేపు తెరచియుంటుందనుకొంటే, అది తెరచియున్న కాలము సెకనులో 75వ వంతు. ఈ స్వల్ప కాలములో అది దిగి, గాలిని లోనికి విడిచి, ముషలకము పైకి వచ్చేలోపల తన గద్దెకు చేరుకొనవలెను.

గొలుసుకు బదులు రబ్బరు

పూర్వము ఈ పనికి ఉక్కు గొలుసులనో, పళ్ళ చక్రములనో వాడేవారు. అవి దృఢమైనవే గాని బరువు, చప్పుడు ఎక్కువ; వాటికి నిత్యము నూనె అందించవలెను. మామూలు పట్టీ పనికిరాదు, ఏలననగా అది చక్రము మీద కొద్దిగా జారుతుంది. పిండిమరలో పట్టీ కొంచెము జారినంత మాత్రాన పిండికి నష్టము లేదు. ఇక్కడ మాత్రము వేయి చుట్లకు ఒక్క డిగ్రీ జారినా, ఆ తేడా పోగుపడి కొద్దిసేపటిలోనే లయ చెడిపోతుంది. జారని పట్టీ కావలెనంటే దానికి పళ్ళుండవలెను. అట్టి పళ్ళపట్టీ 1940 దశకములో అమెరికాలో కుట్టుమిషన్ల కోసమే మొదట తయారైనది. సూది దిగే వేళకు క్రింది దారపు కొక్కెము సరిగా అందవలెను గదా! 1962లో జర్మనీకి చెందిన గ్లాస్ అనే చిన్న కంపెనీ తన 1004 నమూనా కారులో దీనిని క్యాంషాఫ్టు త్రిప్పడానికి వాడినది. పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో ఇదే మొదటిది. 1966లో ఇటలీలోని ఫియట్ కంపెనీ 124 స్పోర్టు కారులో ఇదే మార్గము అనుసరించినది.

మన దేశములో ఈ పట్టీని ఇంటింటికి చేర్చినది 1983 డిసెంబరులో విడుదలైన మారుతి 800. దాని 796 ఘనపు సెంటీమీటర్ల యంత్రములో మూడు సిలిండర్లు, తలపై ఒక క్యాంషాఫ్టు, దానిని త్రిప్పే పళ్ళపట్టీ ఉన్నవి. 2014 ఆరంభములో దీని తయారీ ఆగిపోయినా నేటికీ అవి మన ఊళ్ళలో తిరుగుతూనే ఉన్నవి. 2008లో ఏ-స్టార్ కారుతో వచ్చిన కె-10 యంత్రములో ఇదే సంస్థ గొలుసునే వాడినది. కావున తన కారులో ఉన్నది పట్టీయా, గొలుసా అన్నది ముందుగా తెలిసికొనుట అవసరము.

పట్టీ ఎందుకు అలసిపోతుంది?

పట్టీ పైకి రబ్బరుగా కనిపించినా బరువు మోసేది రబ్బరు కాదు. దాని వెన్నులో పొడవునా సన్నని గాజునూలు పురులు ఉంటాయి. గాజునూలు సాగదు, సాగితే పళ్ళ ఎడము మారి చక్రపు పళ్ళలో కూర్చోదు. పళ్ళ మీద అరుగుదలకు ఓర్చే నైలాను గుడ్డ అంటించి ఉంటుంది. తొలి పట్టీలలో నియోప్రీన్ రబ్బరు ఉండేది. తరువాత వేడికి, నూనెకు, ఓజోనుకు మరింత ఓర్చే హైడ్రోజనీకృత నైట్రైల్ రబ్బరు వచ్చినది.

ఇంత చేసినా పట్టీకి ఆయువు ఉన్నది. ఒక చిన్న లెక్క చూడుడు. కారు గంటకు సగటున 50 కిలోమీటర్ల వేగముతో, యంత్రము నిమిషమునకు 2,500 చుట్లతో నడిచినదనుకొందము. 60,000 కిలోమీటర్లకు 1,200 గంటలు, అనగా 72,000 నిమిషములు పడుతుంది. క్రాంకుషాఫ్టు తిరిగిన చుట్లు 18 కోట్లు. క్రాంకు చక్రమునకు 20 పళ్ళు, పట్టీకి 105 పళ్ళు ఉన్నవనుకొంటే, పట్టీ సుమారు 3 కోట్ల 43 లక్షల సార్లు చుట్టి వచ్చినట్లు. ప్రతి చుట్టులోను ప్రతి పన్ను రెండు చక్రములవద్ద బరువు మోస్తుంది, ప్రతిచోట వెన్ను వంగి నిటారవుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే ఒకచోట తెగినట్లే, పన్ను మొదట సన్నని బీట పుట్టి క్రమముగా లోతవుతుంది.

షెడ్డులలో తరచు వినిపించే మాట ఒకటున్నది: “బెల్టు చూడడానికి బాగానే ఉంది, ఇంకో ఏడాది లాగించవచ్చు.” ఈ మాటను నమ్మరాదు. వెన్ను మీద బీటలు, ఊడిన పన్ను, పీచులు లేచిన అంచు, నూనె తడి కనిపిస్తే వెంటనే మార్చవలెననుట నిజమే. కాని అవి కనిపించనంత మాత్రాన లోపలి పురులు బాగున్నవనుటకు హామీ లేదు. కారుతో వచ్చిన పుస్తకములో కిలోమీటర్లతోపాటు సంవత్సరములు కూడ చెప్పియుంటే, ఏది ముందు వస్తే దానినే గడువుగా తీసికొనవలెను. పాత కార్లు తక్కువ తిరుగుతాయి. వాటి పట్టీలు తిరగకనే ముసలివవుతాయి.

పట్టీ తెగినప్పుడు క్యాంషాఫ్టు ఉన్నచోటనే ఆగిపోతుంది, ఆ క్షణమున కొన్ని కవాటములు తెరచియుంటాయి. క్రాంకుషాఫ్టు మాత్రము కారు వేగముతో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కవాటము పూర్తిగా దిగినా ముషలకము దానికి అందనట్లు ఖాళీ వదలి కొన్ని యంత్రములు నిర్మించినారు. వాటికి తెగినందువలన లోపల హాని లేదు. తక్కినవాటిలో రోకలికి రోకలి తగిలినట్లే అవుతుంది. కవాటపు కాడ వంగుతుంది, ఒక్కొక్కప్పుడు ముషలకము పగులుతుంది. హాని లేని యంత్రమే అనుకొన్నా ధైర్యము చాలదు. రాత్రివేళ రహదారిలో వెనుక లారీ వస్తుండగా యంత్రము ఆగితే, గాలిశూన్యము సహాయముతో పనిచేసే బ్రేకులు ఒకటి రెండు తొక్కుళ్ళ తరువాత బిగుసుకొంటాయి.

విప్పుట

ఇప్పుడు పనికి వద్దాము. యంత్రము పూర్తిగా చల్లారియుండవలెను. కారును సమతలము మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుక రాళ్ళు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, తాళపుచెవి తీసి జేబులో వేసికొనవలెను. బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పవలెను. యంత్రమును అడ్డముగా అమర్చిన చిన్న కార్లలో పట్టీ ఉండేది ఒక ముందుచక్రము పక్కన ఇరుకు సందులో. ఆ చక్రమును విప్పితే చేయి ఆడుతుంది. అట్లయిన కారు బరువును జాకీ మీద ఉంచి పనిచేయరాదు, ఇనుప స్టాండు పెట్టితీరవలెను. జాకీ జారి ప్రాణము పోవడముతో పోలిస్తే కవాటము వంగడము లెక్కలోనిది కాదు.

స్పార్కు ప్లగ్గులను విప్పితే లోపలి గాలి అడ్డు లేక క్రాంకుషాఫ్టు పానాతో తేలికగా తిరుగుతుంది. ఆల్టర్నేటరును త్రిప్పే బయటి పట్టీని, ఆ పట్టీ పుల్లీని, ముందరి కవచమును తీయగానే పళ్ళపట్టీ బయటపడుతుంది. పుల్లీ బోల్టు మొండిది. దానిని విప్పుటకు స్టార్టరు మోటారును త్రిప్పే అడ్డదారిని కొందరు వాడుతారు. చేయి విరిగే అవకాశమున్న ఆ పద్ధతికి ఇంటిలో చోటివ్వరాదు. పొడుగు పానా, అవసరమైతే దానికి తొడిగిన గొట్టము చాలు. పిడి పొడవు పెరిగేకొద్దీ అదే బలమునకు భ్రామకము పెరుగుతుందని తులాదండపు పాఠములో చదివినదే.

పట్టీని వదలు చేసేముందు గుర్తులు కలపవలెను. మారుతి 800 వంటి యంత్రములలో క్యాంషాఫ్టు చక్రము మీద ఒక గుర్తు, దాని కెదురుగా కదలని భాగము మీద మరొకటి ఉంటాయి. క్రాంకు చక్రము మీద ఒకటి, దాని కెదురుగా ఆయిలు పంపు కవచము మీద ఒకటి. క్రాంకుషాఫ్టును మెల్లగా త్రిప్పి రెండు జతలూ ఒకేసారి ఎదురెదురుగా వచ్చేటట్లు చేయవలెను. త్రిప్పవలసినది యంత్రము మామూలుగా తిరిగే వైపునకే. చాలా కార్లలో పుల్లీవైపునుండి చూస్తే అది గడియారపు ముళ్ళ దిశ; కొన్ని పాత హోండా యంత్రములు దీనికి ఎదురు దిశలో తిరుగుతాయి. బయటి పుల్లీ మీద ఉండే విద్యుత్ రవ్వ గుర్తును పట్టుకొని ఇదే కాబోలుననుకొని మోసపోయినవారు పెక్కుమంది. గుర్తులను సెల్‌ఫోనుతో ఫోటో తీసి ఉంచుకొనుట మంచిది.

ప్లగ్గు రంధ్రములోనికి సన్నని పుల్ల దింపి, ముషలకము పైకొనకు వచ్చినదీ లేనిదీ చూస్తే చాలదా అని విద్యార్థి అడుగవచ్చును. చాలదు. మారుతి 800లో ముషలకము నడిచే దూరము 72 మిల్లీమీటర్లు, అనగా క్రాంకు వ్యాసార్ధము 36 మిల్లీమీటర్లు. పైకొననుండి క్రాంకు 5 డిగ్రీలు తిరిగితే ముషలకము దిగేది మిల్లీమీటరులో సుమారు ఐదవ వంతు. అదే 5 డిగ్రీలు ఘాతము మధ్యలో తిరిగితే మూడు మిల్లీమీటర్లకు పైగా కదులుతుంది. పైకొనవద్ద ముషలకము ఇంచుమించు నిలిచిపోయినట్లే ఉంటుంది గనుక పుల్ల ఆ తేడాను చెప్పలేదు. కొసైను పట్టిక తెలిసిన విద్యార్థి దీనిని కాగితము మీద సరిచూడవచ్చును.

ఇక బిగువు చక్రపు బోల్టు వదలుచేసి పాత పట్టీని తీయవచ్చును. తీసిన తరువాత క్రాంకుషాఫ్టును గాని, క్యాంషాఫ్టును గాని త్రిప్పరాదు. బిగువు చక్రమును వ్రేలితో త్రిప్పి చూడవలెను. గరగర మన్నా, ఊగిసలాడినా దానిని కూడ మార్చవలెను. షాఫ్టుల చుట్టూ నూనె చెమ్మ ఉంటే ఆయిలు సీళ్ళు మార్చక తప్పదు. కొత్త పట్టీ మీద నూనె పడితే రబ్బరు ఉబ్బి పళ్ళు మెత్తబడతాయి. నీటి పంపును కూడ పళ్ళపట్టీయే త్రిప్పే కార్లలో, ఇంతవరకు విప్పిన శ్రమ వృథా కాకుండ ఆ పంపును ఇప్పుడే మార్చుట తెలివైన పని. కొత్త పట్టీని చేతిలో మడిచి, మెలిపెట్టి చూడడము చాలామందికి అలవాటు. గాజునూలు లోపల విరిగినా పైకి తెలియదు, కనుక ఈ అలవాటు మానుకొనవలెను.

వదులు ఏ వైపున ఉండవలెను?

కొత్త పట్టీ వేయడములో తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడ. పట్టీకి రెండు వైపులున్నవి. క్రాంకు చక్రము లాగే వైపు బిగువుగా ఉంటుంది, రెండవ వైపు వదులుగా ఉంటుంది. బిగువు చక్రమును ఎల్లప్పుడు వదులు వైపుననే అమరుస్తారు. కావున పట్టీని మొదట క్రాంకు చక్రమునకు తొడిగి, లాగే వైపును బిర్రుగా పట్టుకొని క్యాంషాఫ్టు చక్రమునకు ఎక్కించవలెను. మిగిలిన వదులంతా బిగువు చక్రము వైపునకు రావలెను. దీనికి భిన్నముగా లాగే వైపున వదులు మిగిలిందా, నిలిచియున్నప్పుడు గుర్తులన్నీ చక్కగా కలిసినట్లే కనిపిస్తాయి. కాని క్రాంకు తిరగగానే మొదట ఆ వదులు లాగుకొంటుంది, తరువాతనే క్యాంషాఫ్టు కదులుతుంది. అంతలో ఒక పన్ను వెనుకబడిపోతుంది.

ఒక్క పన్ను ఎంత? 20 పళ్ళ క్రాంకు చక్రము మీద ఒక పన్ను 18 డిగ్రీలు. అంత కోణములో పైకొనవద్ద ముషలకము కదిలేది రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. ప్రవేశ కవాటము 18 డిగ్రీలు ఆలస్యముగా మూసికొంటే, పీల్చిన మిశ్రమములో కొంత తిరిగి బయటికి పోతుంది. కారు నడుస్తుంది గాని ఎత్తు ఎక్కలేదు, నిలిపినప్పుడు వణుకుతుంది, పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది. డిస్ట్రిబ్యూటరును కూడ క్యాంషాఫ్టే త్రిప్పే యంత్రములలో రవ్వ వేళ కూడ తప్పుతుంది. కార్బ్యురేటరును నిందిస్తూ నెలలు గడిపినవారి కార్లలో అసలు దోషము ఈ ఒక్క పన్ను కావచ్చును. రెండు మూడు పళ్ళు తప్పితే కొన్ని యంత్రములలో కవాటమే తగులుతుంది.

బిగువు చక్రమునకు స్ప్రింగు ఉన్న యంత్రములలో దానినే పని చేయనివ్వవలెను; చేతితో నెట్టి అదనముగా బిగించరాదు. ఇందులో ఒక చిక్కున్నది. కవాటముల స్ప్రింగులు క్యాంషాఫ్టును ఒక వైపునకు నెడుతూ ఉంటాయి, దానివలన పట్టీలో అసలు వదులెంతో చిన్న స్ప్రింగుకు తెలియదు. అందుకే 1980 దశకపు సుజుకి యంత్రముల మరమ్మతు పుస్తకములు కొన్ని, కవాటములను సరిచేసే మరలను ముందుగా పూర్తిగా వదలు చేయుమని చెబుతాయి. అప్పుడు క్యాంషాఫ్టు స్వేచ్ఛగా తిరుగుతుంది. పని ముగిసిన తరువాత కవాటముల సందు మరల సరిచేయవలసి వస్తుంది గనుక తొందరపడేవారు ఈ మెట్టును దాటవేస్తారు. దాటవేయకుండుటే మంచిది. పట్టీ మరీ వదులైతే పళ్ళు ఎగిరి దాటుతాయి. మరీ బిగిస్తే ఈలవంటి మూలుగు పుట్టి, బేరింగులు అరుగుతాయి.

చేతితో రెండు చుట్లు

పట్టీ ఎక్కిన తరువాత క్రాంకుషాఫ్టును పానాతో, మామూలు దిశలోనే, మెల్లగా రెండు చుట్లు పూర్తిగా త్రిప్పవలెను. ఈ పరీక్షను ఎట్టి పరిస్థితిలోను మానరాదు. రెండు చుట్లకు క్యాంషాఫ్టు సరిగా ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి రెండు జతల గుర్తులూ మళ్ళీ ఎదురెదురుగా రావలెను. త్రిప్పుతున్నప్పుడు ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే అక్కడనే ఆగి, బలము ఉపయోగించక, పట్టీ తీసి మరల మొదటినుండి చూడవలెను. కవాటమూ ముషలకమూ తాకియుండవచ్చును. చేతి వేగముతో తాకినది ఊరకే తాకుతుంది. స్టార్టరు వేగముతో తాకినది వంగుతుంది.

ఇక్కడ కొత్తవారిని కంగారు పెట్టే విషయము ఒకటున్నది. కొన్ని పట్టీల వీపు మీద కంపెనీవారు గీతలు వేసి ఇస్తారు, లేదా పని చేసేవారే సుద్దతో గీసికొంటారు. మొదట చక్రపు గుర్తులతో కలిసిన ఆ గీతలు రెండు చుట్ల తరువాత కలియవు. పని చెడినదని కొందరు మళ్ళీ విప్పుతారు. చెడలేదు. క్రాంకు రెండు చుట్లలో 40 పళ్ళు పట్టీని ముందుకు నడుపుతుంది. పట్టీకి ఉన్నవి 105. 40, 105ల కనిష్ఠ సామాన్య గుణిజము 840. అనగా చక్రపు గుర్తులూ పట్టీ గీతలూ తిరిగి ఒకేసారి కలియవలెనంటే క్రాంకు 42 చుట్లు తిరగవలెను. అరుగుదల ఒకే పన్ను మీద పడకుండ పంచుకొనడానికి కూడ ఇది మేలే. చూడవలసినది చక్రముల మీది గుర్తులను మాత్రమే.

గుర్తులు కలిసిన తరువాత బిగువు చక్రపు బోల్టును పుస్తకములో చెప్పిన భ్రామకము మేరకు టార్కు పానాతో బిగించి, మరల ఒకసారి రెండు చుట్లు త్రిప్పి చూచి, కవచము, పుల్లీ, బయటి పట్టీ, ప్లగ్గులు యథాస్థానములలో అమర్చవలెను. నేల మీద ఒక్క నట్టు మిగిలినా అది ఎక్కడిదో తెలిసేవరకు స్టార్టు చేయరాదు. కవచము లోపల ఉండిపోయిన నట్టు పట్టీని ఒక్క నిమిషములో చీలుస్తుంది. బ్యాటరీ తీగ తగిలించి యంత్రమును నడిపించినప్పుడు శబ్దము సమముగా ఉండవలెను. తట తట మని కొట్టినా, ఈల వేసినా వెంటనే ఆపవలెను.

కవచము మీద ఒక చీటీ అంటించి, పట్టీ మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్ల అంకె వ్రాయుట ఉత్తమము. కారు చేతులు మారినా ఆ అంకె కారుతోనే ఉంటుంది. తీసిన పాత పట్టీని పారవేయక దగ్గరలోని పాఠశాల ప్రయోగశాలకు ఇవ్వవచ్చును. విద్యార్థులు దాని పళ్ళు లెక్కించి, ఒకచోట కోసి గాజునూలు పురులను చూచి, తమ కారు పట్టీకి కనిష్ఠ సామాన్య గుణిజము ఎంతో కట్టుకొందురు గాక.